బైపాస్ కోసం నిరీక్షణ: ముప్పు ఎవరికి, గడువు ఎంత?

గుండె ధమనుల్లో పూడికలు ఉన్నాయనీ, బైపాస్ శస్త్రచికిత్స చేయవలసి ఉంటుందనీ వైద్యులు చెప్పిన రోజుకూ, ఆ శస్త్రచికిత్స జరిగే రోజుకూ నడుమ కొంత కాలం గడుస్తుంది. కొందరికి అది రెండు రోజులు, కొందరికి రెండు నెలలు. మరికొందరు భయంతోనో, డబ్బు సమకూరకనో ఏళ్ల తరబడి వాయిదా వేస్తారు. ఈ నడిమి కాలంలో గుండెకు ఏమి జరగవచ్చు, ఎవరు కొంత నిదానించవచ్చు, ఎవరు నిదానించరాదు అన్న విషయాలపై వైద్యశాస్త్రం గత యాభై ఏళ్లలో చాలావరకు స్పష్టత సాధించింది. నిరీక్షణ తప్పనిసరి అయినప్పుడు దానికి ఒక కారణం, ఒక గడువు, ఒక పర్యవేక్షణ ఉండాలన్నది ఆ అనుభవ సారాంశం.

కోల్‌కతాలోని ఏక్‌బాల్‌పూర్ పరిసరాల్లో ఇది నిత్యం ఎదురయ్యే ప్రశ్న. ఖిదిర్‌పూర్ రేవుకు చేరువలో, డైమండ్ హార్బర్ రోడ్డు వెంట విస్తరించిన ఈ ప్రాంతంలో కలకత్తా మెడికల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఆసుపత్రి ఉంది. పొరుగున ఉన్న అలీపూర్‌లో బి.ఎం. బిర్లా హృద్రోగ పరిశోధన కేంద్రం, ఉడ్‌ల్యాండ్స్ ఆసుపత్రి ఉన్నాయి. ప్రభుత్వ రంగంలోని ఎస్.ఎస్.కె.ఎం. ఆసుపత్రి కూడా ఎంతో దూరం కాదు. గార్డెన్‌రీచ్‌లోని ఆగ్నేయ రైల్వే కేంద్ర ఆసుపత్రి ఖరగ్‌పూర్ తెలుగు రైల్వే కుటుంబాలకు తెలిసిన చోటే. తెలుగుకు అధికార భాష హోదా కల్పించేందుకు పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో ఆమోదం తెలిపింది. అయినప్పటికీ ఆసుపత్రిలో రోగి చేతికి వచ్చే నివేదిక ఆంగ్లంలోనే ఉంటుంది. వివరణ బెంగాలీలోనో హిందీలోనో సాగుతుంది. ప్రాణానికి సంబంధించిన నిర్ణయాన్ని మాతృభాషలో అర్థం చేసుకోవడం అవసరం.

వ్యాధి స్వరూపం

గుండె శరీరమంతటికీ రక్తాన్ని పంపుతుంది. కానీ తన కండరానికి కావలసిన రక్తాన్ని అది ప్రత్యేకమైన హృదయ ధమనుల ద్వారానే పొందుతుంది. ఎడమ ప్రధాన ధమని కొద్ది దూరం సాగి రెండుగా చీలుతుంది. ఒకటి గుండె ముందు భాగానికి, రెండవది చుట్టూ తిరిగి వెనుక భాగానికి రక్తం అందిస్తాయి. కుడి ధమని విడిగా బయలుదేరుతుంది. వాడుకలో ‘మూడు నాళాల జబ్బు’ అన్నప్పుడు ఎడమవైపు రెండు శాఖల్లోనూ, కుడి ధమనిలోనూ చెప్పుకోదగిన పూడికలు ఉన్నాయని అర్థం. సాధారణంగా ధమని లోపలి వ్యాసం 70 శాతం మేర కుంచించుకుపోతే దానిని తీవ్రమైన పూడికగా లెక్కిస్తారు. ఎడమ ప్రధాన ధమని విషయంలో 50 శాతాన్నే తీవ్రంగా పరిగణిస్తారు.

కాలి నుంచి తీసిన సిరతోనో, ఛాతీ లోపలి గోడను ఆనుకుని ఉండే ధమనితోనో పూడికను దాటి రక్తానికి కొత్త దారి కల్పించడమే బైపాస్. అర్జెంటీనాకు చెందిన శస్త్రవైద్యుడు రెనే ఫవలోరో 1967లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో కాలి సిరతో చేసిన శస్త్రచికిత్స ఈ విధానానికి ప్రాచుర్యం తెచ్చింది. మన దేశంలో డాక్టర్ కె.ఎం. చెరియన్ 1975లో చెన్నై పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో తొలి విజయవంతమైన బైపాస్ నిర్వహించారు. 1977లో ఆండ్రియాస్ గ్రుయెంట్‌జిగ్ జ్యూరిక్‌లో బెలూన్ యాంజియోప్లాస్టీని ప్రవేశపెట్టారు. తరువాత స్టెంట్లు వచ్చాయి. మందులు, స్టెంటు, బైపాస్ అనే ఈ మూడింటిలో ఎవరికి ఏది, ఎప్పుడు అన్నదే నేటి హృద్రోగ వైద్యంలోని కీలక ప్రశ్న.

దక్షిణాసియా వాసులకు ఈ ప్రశ్న చిన్న వయసులోనే ఎదురవుతోంది. 52 దేశాలలో సాగిన ‘ఇంటర్‌హార్ట్’ అధ్యయనం ప్రకారం తొలి గుండెపోటు సగటున దక్షిణాసియాలో 53 ఏళ్లకే వస్తుండగా, ఇతర దేశాలలో 58 ఏళ్లు దాటాక వస్తోంది. అంటే కుటుంబ భారమంతా మోస్తున్న వయసులోనే, సెలవు పెట్టడానికి వీలులేని కాలంలోనే శస్త్రచికిత్స మాట వినవలసి వస్తోంది. వాయిదాకు బీజం పడేది తరచుగా అక్కడే.

నిరీక్షణలో పొంచి ఉన్న ముప్పులు

మొదటిది గుండెపోటు. ధమని గోడలో పేరుకున్న కొవ్వు పొర చిట్లితే దానిపై రక్తం గడ్డకడుతుంది. నిమిషాల వ్యవధిలో ధమని పూర్తిగా మూసుకుపోవచ్చు. ఏ పూడిక ఏ రోజు చిట్లుతుందో ముందుగా చెప్పగల పరీక్ష లేదు. పూడిక శాతం తక్కువగా ఉన్న చోట కూడా ఇది జరగవచ్చు. అయితే మూడు ధమనులూ దెబ్బతిన్న గుండెకు ఒకటి మూసుకుపోయినప్పుడు ఆదుకునే మిగులు రక్తప్రసరణ ఉండదు. ఆరోగ్యవంతమైన ఇతర ధమనులున్న వ్యక్తి తట్టుకునే దెబ్బను ఆ గుండె తట్టుకోలేకపోవచ్చు.

రెండవది గుండె లయ తప్పడం. రక్తం చాలని కండరంలో విద్యుత్ ప్రసారం అస్తవ్యస్తమై గుండె హఠాత్తుగా ఆగిపోవచ్చు. నిరీక్షణ జాబితాలో ఉన్నవారిలో సంభవించే మరణాలలో ఈ తరహావి కూడా ఉంటాయి.

మూడవది నిశ్శబ్దంగా జరిగే నష్టం. రక్తం తగ్గిన కండరం కొంతకాలం నిద్రాణ స్థితిలో ఉంటుంది. రక్తం తిరిగి అందితే అది కోలుకోగలదు. ఆలస్యమైన కొద్దీ, చిన్న చిన్న పోట్లు తగిలిన కొద్దీ అది మచ్చగా మారుతుంది. మచ్చపడిన కండరాన్ని ఏ శస్త్రచికిత్సా తిరిగి బతికించలేదు. ఎకో పరీక్షలో ‘ఎజెక్షన్ ఫ్రాక్షన్’ పేరిట ఇచ్చే శాతం గుండె పంపు చేసే శక్తికి కొలమానం. సాధారణంగా అది 55 లేదా అంతకు పైన ఉంటుంది. 35కు దిగువకు పడిపోతే గుండె బాగా బలహీనపడినట్లే. నిన్న 50 ఉన్న రోగి రేపు 30తో శస్త్రచికిత్సకు వస్తే, చేసే పని అదే అయినా ప్రమాదం అదే కాదు.

నాలుగవది అత్యవసర శస్త్రచికిత్స అవసరం కావడం. పరిస్థితి నిలకడగా ఉన్నప్పుడు, ముందస్తు సన్నాహంతో చేసే బైపాస్‌లో మరణ ప్రమాదం అనుభవజ్ఞులైన కేంద్రాలలో సాధారణంగా 1 నుంచి 2 శాతం పరిధిలో ఉంటుంది. గుండెపోటు వచ్చి, రక్తపోటు పడిపోయిన స్థితిలో అదే శస్త్రచికిత్స చేయవలసి వస్తే ఆ ప్రమాదం అనేక రెట్లు పెరుగుతుంది. శస్త్రచికిత్సకు భయపడి వాయిదా వేసినవారు చివరకు ఇంతకన్నా ప్రమాదకరమైన శస్త్రచికిత్సకు చేరుకోవడం ఇందులోని విషాదం.

వీటితోపాటు మానసిక, ఆర్థిక భారాలు ఉన్నాయి. నిద్ర పట్టకపోవడం, ప్రతి చిన్న నొప్పికీ బెదిరిపోవడం, పని మానుకోవడం, ఆదాయం తగ్గడం, ఇంట్లో అందరూ రోగి చుట్టూనే తిరగడం వంటివి ఏ నివేదికలోనూ కనిపించవు. కానీ నెలల నిరీక్షణలో కుటుంబాలు మోసే బరువులో వీటి వాటా పెద్దది.

అందరి ముప్పు ఒకటి కాదు

పై ముప్పులు విని ప్రతి పూడికకూ మరునాడే శస్త్రచికిత్స కావాలని భావించడం సరికాదు. ముప్పు ఎంత అన్నది ప్రధానంగా మూడు అంశాలపై ఆధారపడుతుంది. పూడిక ఎక్కడ ఉంది, గుండె కండరం ఎంత బలంగా ఉంది, నొప్పి తీరు నిలకడగా ఉందా లేక ముదురుతోందా అన్నవే ఆ మూడు.

1970, 80 దశకాలలో రోగులను చేర్చుకున్న ఏడు అధ్యయనాల సమాచారాన్ని సలీం యూసఫ్ బృందం 1994లో ఒకచోట చేర్చి విశ్లేషించింది. మొత్తం 2,649 మంది రోగులు. ముందుగా బైపాస్ చేయించుకున్న వర్గంలో 5 ఏళ్లకు 10.2 శాతం మంది, తొలుత మందులతోనే కొనసాగిన వర్గంలో 15.8 శాతం మంది మరణించారు. ఎడమ ప్రధాన ధమనిలో పూడిక ఉన్నవారికి, మూడు నాళాల జబ్బు ఉన్నవారికి ఎక్కువ మేలు కనిపించింది. మందుల వర్గంలోని రోగుల్లో చాలామంది తరువాతి సంవత్సరాలలో శస్త్రచికిత్సకే వచ్చారు. ఆనాటికి స్టాటిన్ల వంటి నేటి మందులు వాడుకలో లేవన్నది కూడా గుర్తుంచుకోవాలి.

నేటి మందులతో చిత్రం ఎలా ఉందో 2020లో వెలువడిన ‘ఇస్కీమియా’ అధ్యయనం చూపింది. భారత్ సహా 37 దేశాలలో 5,179 మంది రోగులు ఇందులో పాల్గొన్నారు. వ్యాధి నిలకడగా ఉన్నవారికి తొలుతే స్టెంటు లేదా బైపాస్ చేయడం వల్ల, మందులతో మొదలుపెట్టడంతో పోలిస్తే, సుమారు మూడేళ్ల పరిశీలనలో మరణాలు తగ్గలేదు. ఛాతీనొప్పి మాత్రం ఎక్కువగా తగ్గింది. ఈ ఫలితాన్ని పట్టుకుని ‘ఇక శస్త్రచికిత్సే అక్కరలేదు’ అనేవారు ఒక విషయాన్ని విస్మరిస్తున్నారు. ఎడమ ప్రధాన ధమనిలో తీవ్ర పూడిక ఉన్నవారిని, ఎజెక్షన్ ఫ్రాక్షన్ 35 కన్నా తక్కువ ఉన్నవారిని, మందులకు లొంగని నొప్పితో బాధపడేవారిని ఆ అధ్యయనంలో చేర్చుకోలేదు. నిరీక్షణ అత్యంత ప్రమాదకరమయ్యేది సరిగ్గా వారికే.

గుండె బలహీనపడినవారిపై ‘స్టిచ్’ అధ్యయనం సాగింది. ఎజెక్షన్ ఫ్రాక్షన్ 35 లేదా అంతకు తక్కువ ఉన్న 1,212 మందిని పదేళ్లపాటు పరిశీలించగా, మందులకు బైపాస్ తోడైన వర్గంలో 58.9 శాతం, మందులు మాత్రమే వాడిన వర్గంలో 66.1 శాతం మరణాలు నమోదయ్యాయి. శస్త్రచికిత్స జరిగిన తొలి రోజులలో ప్రమాదం ఎక్కువే ఉన్నా, ఏళ్లు గడిచిన కొద్దీ మేలు బయటపడింది.

మధుమేహం ఉండి, ఒకటికి మించిన నాళాలలో జబ్బు ఉన్న 1,900 మందిపై జరిగిన ‘ఫ్రీడమ్’ అధ్యయనం ఫలితాలు 2012లో వచ్చాయి. మరణం, గుండెపోటు, పక్షవాతం ఈ మూడూ కలిపి 5 ఏళ్లలో స్టెంటు వర్గంలో 26.6 శాతం, బైపాస్ వర్గంలో 18.7 శాతం. పక్షవాతం మాత్రం బైపాస్ వర్గంలోనే కొంత ఎక్కువ. ఛాతీ తెరవడానికి భయపడి ‘స్టెంటుతో సరిపెట్టండి’ అని కోరే మధుమేహ రోగులు ఈ లెక్కలను వైద్యునితో చర్చించడం మంచిది.

గడువు ఎంత?

ప్రభుత్వ నిధులతో నడిచే ఆరోగ్య వ్యవస్థలలో జాబితాలు పొడవుగా పెరిగినప్పుడు ఈ ప్రశ్న తీవ్రంగా ముందుకు వచ్చింది. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో 1980ల చివర, గుండె శస్త్రచికిత్స కోసం వేచి ఉన్న రోగుల మరణాలు వార్తలకెక్కాయి. ఆ నేపథ్యంలో 1990లో అక్కడి నిపుణులు అత్యవసరతను ఏడు మెట్లుగా విభజించారు. వెంటనే చేయవలసినవారితో మొదలై 24 గంటలలోపు, 72 గంటలలోపు, రెండు వారాలలోపు, ఆరు వారాలలోపు, మూడు నెలలలోపు, ఆరు నెలలలోపు అంటూ ఆ మెట్లు సాగుతాయి. ముందు వచ్చినవారికి ముందు అనే వరుసకు బదులు, ముప్పు ఎక్కువ ఉన్నవారికి ముందు అనే వరుస అమలులోకి వచ్చింది.

ఇంగ్లండ్‌లో 2000 మార్చిలో హృద్రోగ సేవలకు జాతీయ ప్రమాణాలు ప్రకటించారు. 2002 జూలై నుంచి ఆరు నెలలకు మించి వేచి ఉన్న గుండె రోగులకు మరో ఆసుపత్రిని ఎంచుకునే అవకాశం ఇచ్చారు. యూరప్ హృద్రోగ నిపుణుల సంఘం, గుండె శస్త్రవైద్యుల సంఘం 2014లో ఉమ్మడిగా ఇచ్చిన మార్గదర్శకాలు మరింత సూటిగా ఉన్నాయి. నొప్పి తీవ్రంగా ఉన్నవారికి, ఎడమ ప్రధాన ధమని లేదా మూడు నాళాల జబ్బు వంటి ప్రమాదకరమైన పూడికలు ఉన్నవారికి, గుండె బలం తగ్గినవారికి రెండు వారాలలోపు చికిత్స జరగాలి. శస్త్రచికిత్స లేదా స్టెంటు అవసరమని తేలిన మిగతా నిలకడ రోగులకు ఆరు వారాలలోపు జరగాలి.

ఈ రెండు అంకెలు మన రోగులకూ ఉపయోగపడే కొలబద్దలు. తనకు రెండు వారాల గడువా, ఆరు వారాల గడువా అన్నది రోగి తన వైద్యుణ్ణి నేరుగా అడగవచ్చు. గుండెపోటుతో ఆసుపత్రిలో చేరినవారికి, విశ్రాంతిలో కూడా నొప్పి వస్తున్నవారికి ఈ వారాల లెక్క వర్తించదు. వారిని ఇంటికి పంపకుండా ఆసుపత్రిలోనే ఉంచి చికిత్స నిర్ణయిస్తారు.

కొంత ఆగడమే మేలైన సందర్భాలు

అన్ని వాయిదాలూ నిర్లక్ష్యం కావు. రక్తం గడ్డకట్టకుండా వాడే కొన్ని మందుల ప్రభావం తగ్గనిదే కోత పెడితే రక్తస్రావం అదుపు తప్పుతుంది. అత్యవసరం కాని పక్షంలో క్లోపిడోగ్రెల్ ఆపి సాధారణంగా 5 రోజులు, టికాగ్రెలార్ ఆపి 3 నుంచి 5 రోజులు, ప్రసుగ్రెల్ ఆపి 7 రోజులు వేచి ఉంటారు. జ్వరం, ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్, యాంజియోగ్రామ్ మందు వల్ల మూత్రపిండాలపై పడిన ఒత్తిడి, అదుపు తప్పిన చక్కెర, రక్తహీనత, ఇటీవలి పక్షవాతం వంటివి ఉన్నప్పుడు వాటిని చక్కదిద్దాకే శస్త్రచికిత్స క్షేమం.

ఏక్‌బాల్‌పూర్‌కు కూతవేటు దూరంలోనే ఇందుకు అందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటి ఉంది. భారత క్రికెట్ మాజీ కెప్టెన్ సౌరవ్ గంగూలీ 2021 జనవరి 2న వ్యాయామం చేస్తుండగా అస్వస్థతకు గురై ఉడ్‌ల్యాండ్స్ ఆసుపత్రిలో చేరారు. అప్పుడాయన వయసు 48 ఏళ్లు. గుండెపోటు అనీ, మూడు నాళాలలో పూడికలు ఉన్నాయనీ తేలింది. అదే రోజు యాంజియోప్లాస్టీ చేసి ఒక స్టెంటు అమర్చారు. మిగిలిన పూడికల విషయమై జనవరి 4న వైద్య మండలి సమావేశమైంది. బైపాస్ అవకాశం కూడా చర్చకు వచ్చింది. రోగికి నొప్పి లేదు, పరిస్థితి నిలకడగా ఉంది కనుక తదుపరి చికిత్సను కొంత వాయిదా వేయడమే క్షేమమని మండలి భావించింది. జనవరి 7న ఆయన ఇంటికి వెళ్లారు. జనవరి 27న ఛాతీలో మళ్లీ ఇబ్బంది కలగడంతో నగరంలోని అపోలో ఆసుపత్రిలో చేరగా, మరునాడు మరో రెండు స్టెంట్లు అమర్చారు.

ఈ సంఘటనలో గమనించవలసినవి రెండు. ఆ వాయిదా నిపుణులు చర్చించి, కారణం చెప్పి తీసుకున్న నిర్ణయం. అలాగే, లక్షణం మళ్లీ కనిపించగానే ఆలస్యం లేకుండా ఆసుపత్రికి చేరడం జరిగింది. పర్యవేక్షణలో సాగే నిరీక్షణకూ, ఇంట్లో మౌనంగా సాగే నిరీక్షణకూ ఉన్న తేడా ఇదే.

మన వాయిదాలకు కారణాలు

విదేశాలలో నిరీక్షణకు ప్రధాన కారణం పడకల కొరత. మన దగ్గర పెద్ద ప్రభుత్వ ఆసుపత్రులలో ఆ కొరత ఉన్నా, ఇంటి దగ్గర పుట్టే వాయిదాలు కూడా తక్కువేమీ కావు. కోల్‌కతాలో దుర్గాపూజ గడిచాక అంటారు. ఏక్‌బాల్‌పూర్, ఖిదిర్‌పూర్ వీధుల్లో రంజాన్ ముగిశాక అంటారు. తెలుగు ఇళ్లలో సంక్రాంతి వెళ్లాక, ఆషాఢం దాటాక, అమ్మాయి పెళ్లి అయ్యాక అంటారు. నిలకడగా ఉన్న రోగికి వైద్యుడు అనుమతించిన వ్యవధిలో ఇవి ఇమిడితే అభ్యంతరం లేదు. వైద్యునికి చెప్పకుండా కుటుంబమే గడువు పొడిగించుకోవడం ప్రమాదం.

ఈ సందర్భంలో మాజీ ప్రధాని మన్మోహన్ సింగ్ ఉదంతం ప్రస్తావించదగినది. 1990లోనే బ్రిటన్‌లో బైపాస్ చేయించుకున్న ఆయనకు 2009 జనవరిలో మళ్లీ పూడికలు కనిపించాయి. గణతంత్ర దినోత్సవం దగ్గర పడింది, సార్వత్రిక ఎన్నికలూ రానున్నాయి. అయినా పరీక్షలు జరిగిన కొద్ది రోజులకే, జనవరి 24న, ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ రమాకాంత్ పాండా నేతృత్వంలోని బృందం ఆయనకు రెండవసారి బైపాస్ చేసింది. రెండు రోజుల తరువాత జరిగిన గణతంత్ర వేడుకలకు ఆయన హాజరు కాలేదు. ప్రభుత్వ బాధ్యతలను ప్రణబ్ ముఖర్జీ చూసుకున్నారు. అప్పటికి 76 ఏళ్ల వయసున్న మన్మోహన్ సింగ్ ఆ తరువాత మరో ఐదేళ్లకు పైగా ప్రధానిగా కొనసాగి, 2024 డిసెంబరులో 92 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

డబ్బు మరో పెద్ద కారణం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాలలో మొదలైన రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకం పేద కుటుంబాలకు గుండె శస్త్రచికిత్సను నగదు చెల్లింపు లేకుండా అందుబాటులోకి తెచ్చింది. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2016 డిసెంబరులో స్వాస్థ్య సాథీ పథకాన్ని తెచ్చి, కార్డును కుటుంబంలోని పెద్ద మహిళ పేరిట ఇచ్చింది. కేంద్రం 2018 సెప్టెంబరు 23న ఆయుష్మాన్ భారత్ ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజనను ప్రారంభించింది. ఇటువంటి పథకాలలో ముందుగా నిర్ణయించిన శస్త్రచికిత్సకు ముందస్తు అనుమతి కావాలి. ఆధార్‌లో పేరు తేడా, కార్డులో లేని కుటుంబ సభ్యుడు, మరో రాష్ట్రపు కార్డు వంటి చిన్న చిక్కులు వారాలను మింగేస్తాయి. యాంజియోగ్రామ్ జరిగిన రోజే ఆసుపత్రిలోని పథకం సహాయ కేంద్రాన్ని కలిసి, తమ కార్డు అక్కడ చెల్లుతుందో లేదో నిర్ధారించుకోవాలి. చెల్లకపోతే సొంత రాష్ట్రానికి వెళ్లి చేయించుకోవడం క్షేమమేనా, ప్రయాణం గుండె తట్టుకుంటుందా అన్నది వైద్యుణ్ణి అడిగాకే రైలెక్కాలి.

రెండవ అభిప్రాయం తీసుకోవడం రోగి హక్కు. దానికి రెండు మూడు రోజులు చాలు. యాంజియోగ్రామ్ సీడీ, ఎకో నివేదిక తీసుకువెళితే మరో నిపుణుడు చూసి చెప్పగలడు. నెలల తరబడి ఒక ఆసుపత్రి నుంచి మరో ఆసుపత్రికి తిరగడం, శస్త్రచికిత్స లేకుండా పూడికలు కరిగిస్తామనే ప్రకటనల వెంట పడడం రెండవ అభిప్రాయం కాదు, కాలహరణం.

నిరీక్షణ కాలంలో పాటించవలసినవి

మందులు మానరాదు. యాస్పిరిన్, స్టాటిన్, బీటా బ్లాకర్, బీపీ మాత్రలు ఈ కాలంలో గుండెకు కవచం వంటివి. బీటా బ్లాకర్‌ను హఠాత్తుగా ఆపితే నొప్పి విజృంభించవచ్చు. రక్తం పలుచన చేసే మందులు ఏవి, ఏ రోజు ఆపాలో శస్త్రవైద్యుడు, హృద్రోగ నిపుణుడు కలిసి చెప్పాలి. దానిని కాగితంపై రాయించుకోవాలి. ఇటీవల స్టెంటు అమర్చినవారు ఈ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. మధుమేహానికి వాడే కొన్ని కొత్త మాత్రలను శస్త్రచికిత్సకు 3, 4 రోజుల ముందే ఆపవలసి ఉంటుంది కనుక అన్ని మందుల చీటీలూ చూపించాలి. నాటు మందులు, ఆయుర్వేద మందులు వాడుతుంటే దాచకూడదు.

పొగ, ఖైనీ, జర్దా ఆ రోజుతోనే మానాలి. పొగ మానినవారి ఊపిరితిత్తులు శస్త్రచికిత్స తరువాత త్వరగా తేరుకుంటాయి. చక్కెర, రక్తపోటు క్రమం తప్పకుండా చూసుకోవాలి. పుచ్చిన పళ్లు, చిగుళ్ల చీము ఉంటే ముందే చికిత్స చేయించుకోవాలి. మూడు బంతుల పరికరంతో ఊపిరి వ్యాయామం నేర్చుకోవాలి. నడక వైద్యుడు చెప్పిన మేరకే. నొప్పి మొదలైతే వెంటనే ఆగాలి. బరువులు ఎత్తడం, భోజనం చేసిన వెంటనే నడవడం, చలిగాలిలో తెల్లవారుజామున బయటికి వెళ్లడం మానాలి. ఉపవాసం ఉండదలచినవారు మందుల వేళల గురించి ముందుగా వైద్యుణ్ణి సంప్రదించాలి.

రక్తదాతలను సమకూర్చుకోమని కొన్ని ఆసుపత్రులు కోరుతాయి. ఆ పనిని చివరి రోజుకు వదిలేయరాదు. శస్త్రచికిత్స తరువాత కొన్ని వారాలపాటు ఇంట్లో తోడు ఎవరుంటారో కూడా ఈలోగానే నిర్ణయించుకోవాలి.

వెంటనే కదలవలసిన సూచనలు

నిరీక్షణ జాబితాలో ఉన్న తేదీ శిలాశాసనం కాదు. లక్షణాలు మారితే తేదీ కూడా మారాలి. ఇదివరకు వంద మెట్లెక్కితే వచ్చే నొప్పి పది మెట్లకే రావడం, విశ్రాంతిలో లేదా నిద్రలో నొప్పి రావడం, నాలుక కింద మాత్రలు మునుపటికన్నా ఎక్కువ అవసరం కావడం, పడుకుంటే ఆయాసం, కాళ్ల వాపు, కళ్లు తిరిగి పడిపోవడం, కారణం లేకుండా గుండె దడ ఇవన్నీ వ్యాధి ముదురుతోందనడానికి గుర్తులు. వీటిలో ఏది కనిపించినా తదుపరి అపాయింట్‌మెంట్ వరకు ఆగకుండా ఆ రోజే వైద్యునికి తెలపాలి. స్పృహ తప్పి పడిపోవడం, విశ్రాంతిలో నొప్పి వంటివైతే నేరుగా ఆసుపత్రికే వెళ్లాలి.

ఛాతీ మధ్యలో బరువు, బిగింపు, మంట; ఎడమ చేయి, దవడ, మెడ, వీపులోకి పాకే నొప్పి; చల్లని చెమటలు, వాంతి, ఊపిరాడకపోవడం వస్తే పని ఆపి కూర్చోవాలి. వైద్యుడు ఇచ్చిన మాత్ర ఒకటి నాలుక కింద పెట్టుకోవాలి. ఐదు నిమిషాలలో తగ్గకపోతే ఆంబులెన్సును పిలవాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో 108, దేశమంతటా అత్యవసర సహాయానికి 112 నంబర్లు ఉన్నాయి. చికిత్స పొందుతున్న ఆసుపత్రి ఆంబులెన్సు నంబరును ఇంట్లో అందరి ఫోన్లలో ఉంచుకోవాలి. మధుమేహులలో, మహిళలలో, వృద్ధులలో నొప్పి స్పష్టంగా లేకుండా ఆయాసం, నీరసం, కడుపు ఉబ్బరం రూపంలోనే గుండెపోటు రావచ్చు. ‘గ్యాస్’ అనుకుని సోడా తాగి పడుకోవడం ప్రాణాంతకం కావచ్చు. రోగి స్వయంగా వాహనం నడుపుకుంటూ ఆసుపత్రికి వెళ్లరాదు.

వైద్యుణ్ణి అడగవలసినవి

బైపాస్ అవసరమని విన్నప్పుడు రోగి, కుటుంబం ఈ ఏడు ప్రశ్నలకు సమాధానాలు రాసుకుని బయటికి రావడం మేలు.

1. ఏ ధమనుల్లో, ఎంత శాతం పూడిక ఉంది? ఎడమ ప్రధాన ధమని బాగుందా?
2. ఎజెక్షన్ ఫ్రాక్షన్ ఎంత?
3. నా విషయంలో మందులు, స్టెంటు, బైపాస్‌లలో ఏది, ఎందుకు?
4. గరిష్ఠంగా ఎన్ని రోజులు ఆగవచ్చు? ఆ గడువు దాటితే ముప్పు ఏమిటి?
5. ఆగమంటున్న కారణం వైద్యపరమైనదా, పడక లేకనా, అనుమతి రాకనా?
6. ఈలోగా ఏ మందులు కొనసాగించాలి, ఏవి ఏ రోజు ఆపాలి?
7. లక్షణాలు ముదిరితే రాత్రివేళ ఎవరికి ఫోను చేయాలి?

ఐదవ ప్రశ్నకు సమాధానం ‘పడక లేక’ అని వస్తే, నాలుగవ ప్రశ్నలోని గడువు లోపల పడక దొరికే మరో ఆసుపత్రికి పంపమని కోరడంలో మొహమాటం అవసరం లేదు. సమాధానం ‘అనుమతి రాక’ అయితే అత్యవసర స్థితిని వివరించే లేఖ ఇవ్వమని వైద్యుణ్ణి అడగవచ్చు. కారణం కుటుంబానికి సంబంధించినదే అయితే దానిని వైద్యుని ముందు దాచకుండా చెప్పాలి. ఆ పండుగ, ఆ పెళ్లి, ఆ పంట గడువు లోపల ఇముడుతాయో లేదో తేల్చి చెప్పవలసింది ఆయనే. భాష అర్థం కాకపోతే ఇంట్లో బెంగాలీ, హిందీ లేదా ఆంగ్లం తెలిసినవారిని వెంట తీసుకువెళ్లాలి. అంగీకార పత్రంపై సంతకం చేసే ముందు అందులోని ప్రతి అంశాన్నీ తెలుగులో వివరింపజేసుకోవాలి.

ఈ వ్యాసంలోని సమాచారం సాధారణ అవగాహన కోసం ఉద్దేశించినది. మందుల మార్పు, శస్త్రచికిత్స తేదీ, ప్రయాణం వంటి నిర్ణయాలు చికిత్స చేస్తున్న వైద్యుని సలహా మేరకే తీసుకోవాలి.